నీ తోట గేటు సంగతి

నల్గొండ

ఒరేయ్,

నీ ఉత్తరం అందింది. బత్తాయి తోటకు పెద్ద గేటు పెట్టిస్తున్నావని, రెండేళ్లకే కిందికి జారి నేలను రాసుకునే రకం మాత్రం వద్దని రాశావు. అడిగింది బందుల గురించి, అంటే గేటును స్తంభానికి పట్టి తిప్పే కీళ్ల గురించి కాబట్టి ఇక నా నోరు ఆగదు. ఓపిక చేసుకుని చదువు.

ఈమధ్య మిర్యాలగూడ దగ్గర ఒక రైస్ మిల్లు గేటుకు కొత్త బందులు చేసి ఇచ్చాను. ఒక్కో రెక్క 10 అడుగుల వెడల్పు, బరువు 300 కిలోలు. పైబందు ఊడివచ్చి, రెక్క ముక్కు నేలకు ఆని, లారీలు వచ్చిన ప్రతిసారీ ఇద్దరు ఎత్తిపట్టి జరుపుతున్నారు. "ఇంకాస్త లావు రాడ్డు వెయ్యి, చాలు" అన్నాడు మిల్లు యజమాని. లావుతో పోయేదా అది! రెక్క బరువంతా దాని నడుమ, అంటే స్తంభానికి 5 అడుగుల దూరంలో ఉన్నట్టు లెక్క. రెండు బందుల మధ్య ఎడం కూడా 5 అడుగులైతే పైబందును 300 కిలోల బలం బయటికి లాగుతుంది, కిందిబందును అంతే బలం స్తంభంలోకి నెడుతుంది. ఎడం రెండున్నర అడుగులే ఉంటే ఆ లాగుడు 600 కిలోలు. అక్కడ ఉన్నది అదే. నన్నడిగితే, గేటు ఎత్తు ఎంత ఉంటే బందులు అంత ఎడంగా పెట్టని పనివాడికి కూలి ఇవ్వకూడదు.

బరువు మొత్తం కిందిబందుకే అప్పగించాను. మందపాటి గొట్టం ముక్కతో గిన్నె, అందులో పైనుంచి పడే బరువును మోస్తూ తిరిగే 51106 రకం థ్రస్ట్ బేరింగు, దానిలోకి 30 మిల్లీమీటర్ల ఈఎన్8 అనే గట్టి ఉక్కు పిన్ను. లేత్ మీద పిన్నుకు తీయించిన మెట్టు బేరింగు మీద కూర్చుంటుంది. మిల్లులో తవుడు, ఊక ఎక్కడ పడితే అక్కడ దూరతాయి కదా, అందుకని పైనుంచి గిన్నె అంచుల మీదికి దిగేలా ఒక టోపీ, పక్కన గ్రీజు నిప్పల్, అడుగున నీళ్లు పోయే చిన్న రంధ్రం. ఆ టోపీ చూస్తే నాకే ముచ్చటేసింది! ఈఎన్8లో కార్బన్ ఎక్కువ, ముందుగా వేడి చేయకుండా వెల్డింగ్ చేస్తే అతుకు పక్కనే పెళుసెక్కి విరుగుతుంది. అందుకే పిన్నును అతకలేదు, ప్లేటులోకి దించి నట్టుతో బిగించాను.

పైబందుకు మరలున్న రాడ్డు, రెండు నట్లు. రేపు రెక్క కాస్త వాలినా స్పానర్‌తో సరిచేసుకోవచ్చు.

బిగించేటప్పుడు రెండు బందుల్లోంచీ ఒకే పొడవాటి రాడ్డు దూర్చి, తూకపు గుండు వేసి చూసుకుని, ముందు టాకాలే, అంటే అక్కడక్కడ చిన్న అతుకులే వేయించు. ఒకేసారి పూర్తి వెల్డింగ్ చేస్తే ఇనుము చల్లారేటప్పుడు ఒక వైపు గుంజుకుంటుంది. రెండు బందులూ ఒకే గీత మీద లేకపోతే బేరింగు ఎంత మంచిదైనా గేటు మొరాయిస్తుంది.

నువ్వు రాతి కడీలకే బందులు బిగిద్దామంటున్నావు. కంచె తీగకైతే అవి భేష్. ఇంత బరువు గేటుకు మాత్రం వద్దురా, లాగుడుకు రాయి బోల్టు రంధ్రం దగ్గరే పగులుతుంది. ఇనుప స్తంభం నిలిపి, లోతుగా కాంక్రీటు పోయించు. అది బాగా గట్టిపడేదాకా గేటు తగిలించొద్దు.

కొలతలు పంపేటప్పుడు తోటలోకి నేల ఎత్తు పెరుగుతుందో తగ్గుతుందో కూడా రాయి. లోపలికి ఎత్తుగా ఉంటే రెక్క తెరుస్తుంటే మట్టికి తగులుతుంది, అప్పుడు బయటికి తెరుచుకునేలా బందులు తిప్పి చేయాలి. ట్రాక్టరు ట్రక్కు మలుపు తిరగడానికి ఎంత జాగా కావాలో మీ డ్రైవరునే అడుగు, నీ అంచనా వద్దు.

నీ
వెల్డింగ్ మిత్రుడు