బందరు రోడ్డుకు ఒక నడక

సంపాదకుల వారికి,

విక్టోరియా రాణి పాలనకు యాభయ్యేళ్లు నిండిన 1887లో పునాది పడి, ఇప్పుడు బాపు మ్యూజియంగా పిలుస్తున్న బందరు రోడ్డు కట్టడం కథ మన పిల్లలకు చెప్పేవారు లేరు. 1921లో బెజవాడ కాంగ్రెసు సమావేశాలకు వచ్చిన గాంధీజీకి పింగళి వెంకయ్య జెండా నమూనా అందించింది ఈ ఊళ్లోనే కదా! ఆ మ్యూజియం దగ్గర మొదలై, రామమోహన గ్రంథాలయం మీదుగా, 1855 నాటి పాత ఆనకట్ట స్థానంలో వెలసిన ప్రకాశం బ్యారేజీ దాకా, తెలిసినవారు వివరిస్తూ నడిపించే ఆదివారపు నడకను నగరపాలక సంస్థ ఏర్పాటు చేయాలని కోరుతున్నాను. టికెట్ పెట్టినా అభ్యంతరం లేదు. మన ఎండల సంగతి తెలిసిందే కనుక, ఉదయం ఎనిమిదిలోపే ముగించాలి.

— ఒక పాఠకుడు, గవర్నరుపేట, విజయవాడ