బరంపురం నుంచి నాన్న

చిరంజీవి చిన్నాకి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం కులాసా. మెట్లెక్కొద్దని డాక్టరు చెప్పినా మీ అమ్మ అప్పడాలు ఎండబెట్టడానికి రోజూ డాబా మీదకి వెళ్తూనే ఉంది. నువ్వు ఫోన్ చేసి నెల దాటింది. పనుల్లో ఉంటావులే.

పద్దక్క కొడుకు ఏదో అన్నాడు, ఇంటికోసం దాచిన డబ్బంతా సాల్మన్ చేపల షేర్లలో పెట్టావని. వాడి మాటల్లో సగం గాలి, నేను నమ్మలేదు. అయినా సాల్మన్ పెంచి అమ్మే ఆ నార్వే కంపెనీ మోవి మూడు నెలల రిపోర్టు ఉమచేత ప్రింటు తీయించి చదివాను. ఐసు ఫ్యాక్టరీ లెక్కలు రాసిన వాణ్ణి, ఊరుకోలేను.

కంపెనీ పెద్దదే, 2024లో పట్టుబడి 5 లక్షల టన్నులు దాటింది. లాభం కిలోకి ఇంతని చెప్తారు, అది నాకు నచ్చింది. ఖర్చులో సగం దాకా మేతకే. కానీ నీళ్లలో ఈదుతున్న చేపకి కూడా బజారు ధర చూసి విలువ కట్టి, ఆ హెచ్చుతగ్గులు లాభంలో కలుపుతారు. రూలు ప్రకారమేలే. అది తీసేసిన ఆపరేటింగ్ లాభం వేరే చూపిస్తారు, చూడాల్సింది దాన్ని. నువ్వు ఏది చూసి కొన్నావు? కొని ఉంటే సంగతి.

సత్తి మావయ్య కూడా నీళ్లలో సరుకుకే లెక్క కట్టాడు. 1995లో రంభ ఊరి దగ్గర చెరువులో టైగర్ రొయ్య వేశాడు. కౌంటు ముప్పైకి, అంటే కిలోకి ముప్పై రొయ్యలు తూగేలా, వస్తోందని రోజూ సాయంత్రం మా ఆఫీసుకొచ్చి, నా కాగితాల మీదే టన్నులు, రూపాయలు గుణించేవాడు. ఆ ధీమాతో బుల్లెట్టు బండి కొన్నాడు, అత్తకి బడా బజార్‌లో పట్టుచీర అరువు పెట్టాడు. ఒకరోజు, మేత తింటున్నాయో లేదో చూసే చెక్‌ట్రే పైకి లాగితే వేసిన మేత వేసినట్టే ఉంది. మర్నాటికి రొయ్యలు గట్టు వారకి చేరాయి, పెంకు మీద ఆవగింజంత తెల్లమచ్చలు. రాత్రికి రాత్రి పెట్రోమాక్సు లైట్లు పెట్టి పట్టించాం, ఐసు నేనే పంపాను. దొరికినవాటికి వ్యాపారి చెప్పిన ధర కూలీలకి కూడా చాల్లేదు. చీరల షాపువాడొస్తే అత్త మడత విప్పని చీర చేతిలో పెట్టి, మజ్జిగిచ్చి పంపింది. మావయ్య మాత్రం ఆ బండి ఇంకో ఏడాది తుడుస్తూనే ఉన్నాడు.

మీ దగ్గర ఆ తెల్లమచ్చ తెగులు లేదు, సాల్మన్ ఒంటికి పట్టే సముద్రపు పేను ఉంది. ఆ పేను లెక్కని బట్టే ప్రభుత్వం నార్వే తీరాన్ని 13 ప్రాంతాలుగా విడగొట్టి రంగు వేస్తుందట. ఆకుపచ్చ పడితే చేపల పెంపకం 6 శాతం పెంచుకోవచ్చు, ఎరుపు పడితే 6 శాతం కోత. కంపెనీ ఎంత ఎదుగుతుందన్నది కంపెనీ చేతిలోనే లేదన్నమాట. సరుకు విపరీతంగా పెరగదు కాబట్టే ధర నిలుస్తోంది, అదీ నిజమే. గుడ్డు నుంచి పట్టుబడికి రెండు మూడేళ్లు పడుతుంది. అక్కడి ఎండాకాలం చివర అందరూ ఒకేసారి పట్టేసరికి ధర దిగుతుంది కాబట్టి ఈ మూడు నెలల్ని కిందటేడు ఇవే మూడు నెలలతో పోల్చు. 2022 సెప్టెంబర్ 28న అక్కడి ప్రభుత్వం సాల్మన్ పెంపకం మీద 40 శాతం కొత్త పన్ను అనగానే షేర్లు ఒక్కరోజులో కూలాయి కదా. చివరికి 25 శాతమే అయిందిలే. ఆ మధ్యలో డబ్బు అవసరం పడినవాడి గతేంటి? నేననేది కంపెనీ మంచిది కాదని కాదు, ఇంటి డబ్బుకి అది చోటు కాదని.

మీ అమ్మ పక్కనుంచి "ఇక చాలించండి" అంటోంది. బెర్గెన్‌లో రోజూ వానేనట, చెవులు కప్పుకో. ఆ చేపని పచ్చిగా తినకు, అందరూ తింటున్నా సరే. అప్పడాలు, నిమ్మ ఊరగాయ కట్టి ఉంచాం. నూనె కారకుండా డబ్బాకి మైనం పెట్టమని ఉమకి చెప్పాను.

ఎన్ని షేర్లు, ఏ ధరకి కొన్నావో కాగితం మీద రాసి ఫొటో పంపు. కొనకపోతే కొనలేదని పంపు. పార్సిల్‌కి పాత అడ్రసేనా? ఇల్లు మారాడని కూడా అన్నాడు వాడు.

మీ నాన్న