మూడు రోజుల శిక్షణతో థియేటర్ అసిస్టెంట్లా?

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో కొత్త ఆపరేషన్ థియేటర్ ప్రారంభోత్సవం వార్త చూశాను. ఫొటో బాగుంది. ఎమ్మెల్యే గారు, సూపరింటెండెంట్ గారు, వాళ్ల వెనక ఇంకో పదిమంది, అందరూ బయట తిరిగిన చెప్పులతోనే థియేటర్ మధ్యలో నిలబడ్డారు. సరే, ప్రారంభోత్సవం కదా, తర్వాత కడుక్కుంటారులే అని సరిపెట్టుకున్నాను. కానీ వార్త చివర రెండు ముక్కలు రాశారు. సిబ్బంది కొరత రాకుండా ఔట్‌సోర్సింగ్ వాళ్లకు మూడు రోజులు శిక్షణ ఇచ్చి థియేటర్ విధుల్లోకి తీసుకుంటారట. అది చదివిన దగ్గర్నుంచి నాకు మనసు మనసులో లేదు.

నేను ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం థియేటర్‌లో స్టాఫ్ నర్సుగానే గడిపాను. మూడు రోజుల్లో ఏం నేర్పుతారో కాస్త చెప్తే వినాలనుంది. మొదటి రోజు పరిచయాలు, టీ బిస్కెట్లు. రెండో రోజు ఎవరో వచ్చి కంప్యూటర్‌లో బొమ్మలు చూపిస్తారు. మూడో రోజు సర్టిఫికెట్లు, గ్రూప్ ఫొటో. నాలుగో రోజు ఆ పిల్లాడు గ్లోవ్స్ వేసుకుని సర్జన్ ఎదురుగా నిలబడతాడు, అంతేగా?

ఆపరేషన్ అంటే డాక్టర్ గారొక్కరే చేసేదని, పక్కనున్న వాళ్లు కత్తెర అందిస్తారని జనం అనుకుంటారు. జనం సంగతి సరే, అధికారులూ అలాగే అనుకుంటున్నారు. సర్జన్ తల ఎత్తకుండా చెయ్యి చాస్తారు. ఆర్టరీ ఫోర్సెప్స్, అంటే రక్తనాళాన్ని నొక్కిపట్టే పటకారు, ఆ అరచేతిలో టప్‌మని పడాలి, ఆయన మళ్లీ తిప్పి పట్టుకునే అవసరం రాకూడదు. సూదిని నీడిల్ హోల్డర్‌కి దారం వైపు నుంచి మూడో వంతు దగ్గర పట్టించాలి. దారం చివరికి మరీ దగ్గరగా పట్టిస్తే సూది వంగిపోతుంది. లివర్‌ని పైకి ఎత్తి పట్టుకోవడానికి డీవర్ రిట్రాక్టర్ అనే వంపు పట్టీ చేతికిస్తే కొందరు కుర్రాళ్లు బలం కొద్దీ లాగుతారు. లివర్ చిరిగితే రక్తం ఆపడం ఎంత కష్టమో చూసినవాళ్లకే తెలుసు. ఇంకొందరు డాక్టర్ ఏం చేస్తున్నారో చూద్దామని ముందుకు వంగుతారు, చేతిలోది జారిపోతుంది, సర్జన్‌కి లోపల ఏమీ కనపడదు.

కాటరీ ప్లేటు సంగతి తీసుకోండి. కాటరీ అంటే కరెంటుతో కోసి రక్తం ఆపే పరికరం, ఆ కరెంటు తిరిగి వెళ్లడానికి రోగి ఒంటికి ఈ ప్లేటు ఆనిస్తారు. అది తొడకో పిర్రకో, కండ ఉన్నచోట, తడి లేకుండా పూర్తిగా ఆనేట్టు వెయ్యాలి. సగం ఆని సగం లేస్తే అక్కడ చర్మం కాలుతుంది. రోగి మత్తులో ఉంటాడు, అబ్బా అని కూడా అనలేడు. వార్డుకి తెచ్చాక దుప్పటి తీస్తే బొబ్బ కనిపిస్తుంది. బంధువులు డాక్టర్ మీదికి వెళ్తారు. ప్లేటు వేసిన వాడికి అది ఎందుకు వేస్తారో ఎవరూ చెప్పలేదని వాళ్లకేం తెలుసు?

ఇక మాప్‌ల లెక్క, అంటే రక్తం అద్దడానికి వాడే గుడ్డల లెక్క. కడుపులో పెట్టిన మాప్ రక్తంలో తడిస్తే పేగుల్లో కలిసిపోతుంది, కంటికి ఆనదు. అందుకే ఆపరేషన్ మొదలుపెట్టేముందు, కడుపు మూసేముందు, చర్మం కుట్టేముందు ఇద్దరు మనుషులు పైకి వినపడేలా లెక్కపెట్టి బోర్డు మీద రాయాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లోనే 19 అంశాలతో ఒక చెక్‌లిస్టు ఇచ్చింది. మత్తు ఇచ్చేముందు, కోత పెట్టేముందు, రోగిని బయటికి తెచ్చేముందు మూడుసార్లు ఆగి సరిచూసుకోమంది. లెక్క సరిపోయిందా అన్నది అందులోనే ఉంది. చాలాచోట్ల ఆ కాగితం మీద ఆపరేషన్ అయ్యాక ఒకేసారి టిక్కులు పెట్టేస్తారు. ఒక్క మాప్ తగ్గితే, ఎంత పెద్ద సర్జన్ అయినా సరే, "ఆగండి సర్, లెక్క తప్పింది" అనగలగాలి. నేను అన్నాను, తిట్లూ తిన్నాను, మాప్ దొరికాక ఆయనే థాంక్స్ చెప్పారు. వచ్చే నెల కాంట్రాక్టర్ ఉంచుతాడో తీసేస్తాడో తెలియని కుర్రాడికి ఆ నోరు ఎక్కణ్ణుంచి వస్తుంది?

రిటైరయ్యాక కొన్నాళ్లు ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కి వెళ్లాను. పేరెందుకులెండి. అక్కడ ఆటోక్లేవ్, అంటే ఆవిరితో క్రిములు చంపే యంత్రం, చూసే అబ్బాయి గుడ్డలు పెట్టే డ్రమ్ముల కిటికీలు తెరవకుండానే లోపల పెట్టేస్తున్నాడు. కిటికీలు మూసి ఉంటే ఆవిరి లోపలికి ఎలా వెళ్తుంది? 121 డిగ్రీలు, 15 పౌండ్ల ఒత్తిడి, మూటలైతే 30 నిమిషాలు అని గోడ మీద రాసి ఉంది, అతను గడియారం చూసి సరిగ్గా అంతసేపూ ఉంచాడు కూడా. పైన అంటించిన టేపు మీద నల్ల గీతలు వచ్చాయి కదా మేడమ్ అన్నాడు. ఆ గీతలు వేడి తగిలిందని చెప్తాయి గానీ లోపల గుడ్డలు శుభ్రమయ్యాయని చెప్పవు. అతని తప్పేం లేదు, ముందు పనిచేసినవాడు అలాగే చూపించి వెళ్లాడు. యజమాని గారికి చెప్తే "ఇన్నాళ్లూ ఏమీ కాలేదుగా సిస్టర్" అన్నారు.

ఏమీ కాకపోవడం ఏమిటి? 2022 ఆగస్టులో రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నంలో ఒక్కరోజే 34 మందికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు, నలుగురు తల్లులు చనిపోయారు. ఇన్ఫెక్షనే కారణమని విచారణలో తేలింది. ఒక బృందం ల్యాప్రోస్కోపు, అంటే చిన్న రంధ్రంలోంచి కడుపులోకి దూర్చి చూసే గొట్టం, వాడి చేసే ఇలాంటి ఆపరేషన్లు రోజుకి 30 మించి చెయ్యకూడదని, అదీ మూడు ల్యాప్రోస్కోపులు ఉంటేనే అని కేంద్రం నిబంధన ఎప్పటినుంచో ఉంది. ఆ రోజుల్లో పేపర్లన్నీ చదివాను. డాక్టర్ల మీద చర్యల గురించి పేజీలు పేజీలు రాశారు. ఒక మనిషికీ ఇంకో మనిషికీ మధ్య ఆ పరికరాన్ని మందు నీళ్లలో ఎవరు ముంచారు, ఎన్ని నిమిషాలు ముంచారు, వాళ్లకు ఆ పని ఎవరు నేర్పారు అన్నది నాకెక్కడా కనపడలేదు.

చదువుకున్న వాళ్లు లేక కాదు. థియేటర్, అనస్థీషియా టెక్నాలజీలో డిగ్రీ కోర్సులున్నాయి. నర్సులకి ఆపరేషన్ రూమ్ నర్సింగ్‌లో ఏడాది డిప్లొమా ఉంది. సీహెచ్‌సీ, అంటే సామాజిక ఆరోగ్య కేంద్రంలో, ఓటీ (ఆపరేషన్ థియేటర్) టెక్నీషియన్ ఉండాలని కేంద్ర ప్రమాణాల్లోనే రాసుకున్నారు. ఇలాంటి టెక్నీషియన్ల వృత్తుల వాళ్లకు 2021లో పార్లమెంటు ప్రత్యేకంగా చట్టం కూడా చేసింది. అది అమలు కావడం లేదని 2024లో సుప్రీంకోర్టు కేంద్రానికీ రాష్ట్రాలకూ గడువు పెట్టాల్సి వచ్చింది. ఇంతా చేసి ఇక్కడ తేలింది మూడు రోజుల శిక్షణ! కోర్సు చదివిన మా వీధి అమ్మాయి ఫోన్ల షాపులో కూర్చుంటోంది. స్ట్రెచర్ తోసే కుర్రాడు థియేటర్‌లోకి వెళ్తున్నాడు.

కాస్తో కూస్తో పని వచ్చినవాళ్లనైనా ఉంచుతారా అంటే అదీ లేదు. థియేటర్‌లో చెయ్యి తిరిగిన సిస్టర్‌ని రొటేషన్ పేరుతో జ్వరాల వార్డుకి వేస్తారు, ఆమె స్థానంలో నిన్న చేరిన పిల్లని పంపుతారు. ఎన్నికలొస్తే ఆ డ్యూటీ, మంత్రి గారొస్తే ఈ డ్యూటీ. ఉదయం హాజరు యంత్రం మీద ముఖం చూపించారా లేదా అన్నది మాత్రం పైవాళ్లు రోజూ చూస్తారు. అటెండర్ పోస్టు కావాలన్నా సిఫార్సు ఉత్తరం కావాల్సిన రోజులొచ్చాయి. పూర్వం మా మేట్రన్‌గారు, అంటే నర్సులందరికీ పెద్ద, ఆరు నెలలు పరికరాల ట్రాలీ సర్దించాకే స్క్రబ్ అవ్వనిచ్చేవారు, అంటే చేతులు కడుక్కుని సర్జన్ పక్కన నిలబడనిచ్చేవారు. పరికరం పేరు తప్పు చెప్తే మళ్లీ ట్రేలు కడగడం దగ్గరికే పంపేవారు. ఇప్పుడు ఎవరినైనా గట్టిగా ఒక మాట అంటే వేధింపులని కంప్లైంట్.

కొత్త థియేటర్‌కి కోట్లు పెట్టారట, సంతోషం. స్టీలు గోడలు, తలుపు దగ్గరికెళ్తే దానంతటదే తెరుచుకోవడం, అన్నీ బాగున్నాయి. ఆ డబ్బులో ఒక వంతు పెడితే కనీసం ఆరు నెలలు, అనుభవమున్న సిస్టర్ పక్కన నిలబెట్టి, చిన్న ఆపరేషన్లతో మొదలుపెట్టి, చివర్లో సర్జన్, మత్తు డాక్టర్ ఇద్దరూ చూసి సంతకం పెట్టేలా శిక్షణ ఇవ్వచ్చు. రిటైరైన వాళ్లం జిల్లాలో చాలామందిమి ఉన్నాం. జీతం కూడా అడగం, బస్సు ఛార్జీ ఇస్తే చాలు. మాకు ఎవరూ ఫోన్ చెయ్యరు.

మీ విలేకరి ఈసారి ఆ థియేటర్‌కి వెళ్లినప్పుడు ఫొటోతో సరిపెట్టకుండా ట్రాలీ దగ్గర నిలబడే మనిషి ఎవరు, ఏం చదివారు, ఎవరి దగ్గర ఎన్నాళ్లు నేర్చుకున్నారు అని సూపరింటెండెంట్ గారిని అడిగి, ఆయన చెప్పింది చెప్పినట్టు మీ పత్రికలో వేయండి. చెప్పులు బయట విడిచి వెళ్లమనండి.

ఇట్లు,
విశ్రాంత థియేటర్ స్టాఫ్ నర్సు
(పేరు, ఊరు ప్రచురించవద్దని మనవి)