డార్జిలింగ్ రైలులో ఊరివాళ్లకూ చోటివ్వండి: రైల్వే మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర రైల్వే శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు.

మీ శాఖ నడిపే రైళ్లలో ఒకటి ఎక్కడ బయలుదేరుతుందో అక్కడికే తిరిగి వస్తుంది. డార్జిలింగ్ స్టేషన్‌లో కూత పెట్టి, ఏడు కిలోమీటర్ల అవతల ఉన్న ఘూమ్ దాకా వెళ్లి, రెండు గంటల్లో మళ్లీ డార్జిలింగ్ చేరుతుంది. మధ్యలో కొత్తగా ఎక్కేవాళ్లు ఉండరు, పని చూసుకుని దిగిపోయేవాళ్లూ ఉండరు. దాన్ని జాయ్‌రైడ్ అంటారు. ఈ మధ్య సెలవులకు వెళ్లినప్పుడు నేనూ మావారూ మనిషికి వెయ్యి రూపాయలు దాటిన టికెట్టు కొని అందులో తిరిగాం. చాలా బాగుంది. కిటికీ పక్క సీటు దొరికింది, రైలు చెప్పిన వేళకే కదిలింది. కాబట్టి ఇది ఫిర్యాదు లేఖ అనుకోకండి. నేను అడగబోయేది ఆ రైలు ఎక్కే వీలు లేని ఊరివాళ్ల గురించి: అదే మార్గంలో కింద ఉన్న కర్సియాంగ్ నుంచి డార్జిలింగ్‌కు బడి వేళకు ఒక మామూలు రైలు.

మాది విశాఖపట్నం. మావారు ఉద్యోగం నుంచి విరమించాక, ఎండలు ముదరకముందే ఎక్కడికైనా చల్లని చోటికి వెళ్దామన్నారు. విశాఖ మీదుగా న్యూ జల్పాయిగురి వెళ్లే రైలెక్కి, అక్కడ దిగి జీపులో కొండెక్కాం. కింది నుంచే చిన్న రైలులో పోవచ్చు గానీ, 88 కిలోమీటర్లకు ఏడు గంటల పైనే పడుతుందని తెలిసి మావారి నడుము ఒప్పుకోలేదు.

డార్జిలింగ్‌లో తెలుగువాళ్లకు పరాయితనం అనిపించదని చెబితే మీరు నవ్వుతారేమో. అక్కడి జంతు ప్రదర్శనశాల పేరు పద్మజా నాయుడు హిమాలయన్ జూలాజికల్ పార్క్. ఆమె సరోజినీ నాయుడు గారి కుమార్తె, హైదరాబాద్‌లో పుట్టి పెరిగి, 1956 నుంచి 1967 దాకా పశ్చిమ బెంగాల్ గవర్నర్‌గా ఉన్నారు. ఎర్ర పాండాలను, మంచు చిరుతలను పెంచి వాటి సంతతిని కాపాడుతున్న చోటు అది. ఎర్ర పాండా కొమ్మ మీద నాలుగు కాళ్లూ వేలాడేసుకుని నిద్రపోతుంటే, ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో సోఫాలో కనిపించే దృశ్యమే గుర్తొచ్చింది, ఎవరిదో చెప్పను. అదే ఆవరణలో 1954లో పెట్టిన హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. టెన్సింగ్ నార్గే అక్కడే శిక్షణ ఇచ్చారు, ఆయన సమాధి కూడా అక్కడే ఉంది. నిజామాబాద్ జిల్లా అమ్మాయి మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా అబ్బాయి ఆనంద్ భువనగిరి బండ మీద మొదలుపెట్టి, ఈ డార్జిలింగ్ సంస్థలో మంచు మీద నడక నేర్చుకుని, 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కారు. అప్పటికి పూర్ణకు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకున్న పిల్లలు వాళ్లు. ఆ మెట్లు ఎక్కుతూ ఆ సంగతి తలచుకుని నేను కాసేపు ఆగిపోయాను, ఆయాసం కూడా ఒక కారణమనుకోండి.

ఇక రైలు సంగతి.

డార్జిలింగ్ రైలును దూరం నుంచి ఫొటోల్లో చూస్తే బొమ్మలా ఉంటుంది. దగ్గర నుంచి చూస్తే అదొక చిన్న కర్మాగారం. 1889లో మొదలైన ‘బి’ తరగతి ఆవిరి ఇంజన్లు ఇప్పటికీ అక్కడ పనిచేస్తున్నాయి. బొగ్గు పెట్టె మీద కూర్చుని ఒక మనిషి పెద్ద గడ్డలను సుత్తితో చిన్నవిగా పగలగొడుతుంటాడు. ఇంజను ముందు పట్టీ మీద ఇద్దరు కూర్చుంటారు. ఎత్తు పెరిగి చక్రాలు జారబోయినప్పుడల్లా పట్టాల మీద చేత్తో ఇసుక చల్లడమే వాళ్ల పని. మంచు తెరలో, ఎదురుగాలిలో, మెడకు మఫ్లరు చుట్టుకుని వాళ్లు పిడికిలి విప్పే తీరు చూడాలి. ఎక్కువ పడితే బండి బరువెక్కుతుంది, తక్కువైతే చక్రం ఉన్నచోటే తిరుగుతుంది. ఈ విద్య ఏ పుస్తకం చదివినా వచ్చేది కాదు.

రెండడుగుల వెడల్పు పట్టాలు హిల్ కార్ట్ రోడ్డును పట్టుకునే నడుస్తాయి. ఒకసారి రోడ్డుకు ఇటు, ఒకసారి అటు. బజారులోకి వచ్చేసరికి కిటికీలోంచి చెయ్యి చాస్తే దుకాణంలో వేలాడే స్వెట్టర్ తగులుతుంది. ఒకావిడ పట్టాల పక్కనే గుండ్రటి ఎర్ర మిరపకాయల బుట్ట పెట్టుకుని అమ్ముతోంది. అక్కడివాళ్లు వాటిని డల్లే అంటారు, ఒక్కటి కొరికితే మన గుంటూరు మిర్చి గొప్పలన్నీ పక్కన పెట్టాలి. రైలు దగ్గరికి రాగానే బుట్టను ఒళ్లోకి లాక్కుంది, చివరి పెట్టె దాటగానే మళ్లీ అక్కడే పెట్టింది. తలెత్తి మావైపు చూడను కూడా లేదు.

బడి వదిలే వేళ అది. టై కట్టుకున్న పిల్లలు గుంపులుగా రోడ్డు వెంట నడుస్తున్నారు. పక్కన జీపులు ఒకదాని వెనక ఒకటి ఆగిపోయి హారన్లు కొడుతున్నాయి. మా రైలు వాళ్ల పక్క నుంచి మెల్లగా పోతుంటే ఇద్దరు మగపిల్లలు పుస్తకాల సంచులతోనే మెట్టు మీదికి ఎగిరి, నాలుగు కరెంటు స్తంభాల దూరం వేలాడి, నవ్వుకుంటూ దూకేశారు. మొత్తం ప్రయాణంలో ఆ రైలెక్కిన స్థానికులు వాళ్లిద్దరే. అది కూడా ప్రమాదకరంగా. లోపల మేమందరం కళ్లద్దాలు, టోపీలు, ఫోన్లతో కూర్చుని వాళ్ల ఫొటోలు తీశాం.

ఘూమ్‌లో రైలు కాసేపు ఆగుతుంది. 2,258 మీటర్ల ఎత్తున, దేశంలోనే అన్నిటికన్నా ఎత్తయిన రైల్వే స్టేషన్ అది. అందరూ మ్యూజియంలో బేబీ శివోక్ అనే పాత ఇంజను చూడడానికి వెళ్తే, నేను టీ కొట్టు దగ్గర నిలబడ్డాను. కొట్టు నడిపే ఆమెకు నా వయసే ఉంటుంది. “దీదీ, చిన్నప్పుడు మేం సోనాదా నుంచి ఇదే రైలులో డార్జిలింగ్ బడికి వెళ్లేవాళ్లం. ఇప్పుడిది మీ రైలు” అని హిందీలో చెప్పింది. ఆ మాటలో కోపం లేదు. చిల్లర లెక్కపెడుతూ అంది.

ఆమె చెప్పింది కట్టుకథ కాదు. కర్సియాంగ్ నుంచి పొద్దున్నే డార్జిలింగ్‌కు ఒక రైలు ఉండేది, దాన్ని స్కూల్ ట్రైన్ అనే పిలిచేవారు. ఇప్పుడు డార్జిలింగ్ స్టేషన్ పట్టికలో ఎక్కువగా కనిపించేవి జాయ్‌రైడ్‌లే. కొండ కింది నుంచి వచ్చే రైలు టికెట్టు కూడా మాలాంటి పర్యాటకుల జేబు చూసి పెట్టిన ధరే.

మంత్రి గారూ, అసలు ఈ రైలు ఎందుకు పుట్టిందో మీ శాఖ దస్త్రాల్లోనే ఉంటుంది. సిలిగురిలో దొరికే బియ్యం ఎడ్లబండి మీద డార్జిలింగ్ చేరేసరికి ధర రెట్టింపు దాటేది. ఈస్టర్న్ బెంగాల్ రైల్వేలో ఏజెంటుగా ఉన్న ఫ్రాంక్లిన్ ప్రెస్టేజ్ ఆ లెక్క చూపించే 1878లో రైలు ప్రతిపాదన పెట్టాడు. 1881 నాటికి రైలు డార్జిలింగ్ చేరింది. ఒక్క సొరంగం తవ్వకుండా, పట్టాలనే మెలికలు తిప్పి, ముందుకూ వెనక్కూ నడిపి కొండెక్కించారు. పైకి బియ్యం, కిందికి తేయాకు. దొరలు చల్లగాలికి వచ్చిన మాట నిజమే గానీ, బండికి కూడు పెట్టింది సరుకులు, స్థానిక జనం. 1999లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించినప్పుడు కూడా, కొత్త తరహా రవాణా ఒక ప్రాంతపు సామాజిక, ఆర్థిక జీవితాన్ని ఎలా మలిచిందో చూపించే ఉదాహరణగానే ఎంచింది. ఆ ప్రాంతపు జనాన్ని బయట నిలబెట్టి ఇంజన్లను మాత్రం తళతళలాడిస్తే, యునెస్కో గుర్తించినదాంట్లో సగమే మిగులుతుంది.

మీ అధికారులు ఏమంటారో ఊహించగలను. జాయ్‌రైడ్ డబ్బుతోనే ఈ మార్గం బతుకుతోందంటారు. అయి ఉండవచ్చు, దాన్ని ఆపమని నేను అనను. ఆవిరి ఇంజను రెండు మూడు పెట్టెలకు మించి లాగలేదంటారు. నిజమే. ఆవిరి మా పర్యాటకులకే ఉంచండి. పిల్లలకు కావలసింది వేళకు బడి, వాళ్లకు డీజిల్ ఇంజను చాలు. 2000 నుంచి మీ దగ్గర డీజిల్ ఇంజన్లు ఉన్నాయి కదా. గంటన్నరలో జీపు పోయే దూరానికి రైలు ఎవరెక్కుతారంటారు. ఆ రోడ్డు మీద బడి వేళకు జీపు ఎలా కదులుతుందో ఒక్క ఉదయం ఘూమ్ కూడలిలో నిలబడి చూస్తే ఈ ప్రశ్న వేయరు. ముసలివాళ్లు, కూరగాయల బుట్టలతో బజారుకు వచ్చే ఆడవాళ్లు, జీపులో నలుగురి సీట్లో ఆరుగురు కూర్చుంటే వాంతి చేసుకునే చిన్నపిల్లలు ఎక్కుతారు. జీపు డ్రైవర్ల పొట్ట కొట్టమని కాదు. రోజుకు ఒకటి రెండు రైళ్లతో అయిపోయే జనం కాదది.

కింద కొండచరియలు విరిగిపడితే ఏం చేయాలన్న ప్రశ్న కూడా ఉంది. 2010లో పాగ్లాఝోరా దగ్గర కొండ కూలి కింది మార్గం తెగిపోతే, అది పూర్తిగా తెరుచుకునేసరికి 2015 వచ్చింది. ఆ ఏళ్లన్నీ పైన కర్సియాంగ్, డార్జిలింగ్ మధ్య రైళ్లు నడిచాయి. పై భాగం ఒంటరిగా నిలబడగలదని మీరే నిరూపించారు.

మా ఊరి సంగతి ఒకటి చెబుతాను. విశాఖ నుంచి అరకు మీదుగా కిరండూల్ వెళ్లే ప్యాసింజరుకు 2017లో అద్దాల పెట్టె తగిలించారు. బొర్రా గుహలు, అరకు చూడాలనుకునేవాళ్లు ఎక్కువ డబ్బు పెట్టి అందులో కూర్చుంటారు. అదే రైలులో మామూలు పెట్టెల్లో గిరిజనులు పనస కాయలతో, సీతాఫలాల గంపలతో ఎక్కుతారు, తమ ఊళ్లో దిగుతారు. యాభైకి పైగా సొరంగాలు, ఒకే ఇంజను, రెండు రకాల టికెట్లు. ఎవరి వల్ల ఎవరికీ ఇబ్బంది రాలేదు. నీలగిరి కొండల్లో కూనూరు, ఊటీ మధ్య కూడా వారసత్వ రైలే తిరుగుతోంది. అరువంకాడు, కేత్తి, లవ్‌డేల్‌లలో మామూలు టికెట్టుతో జనం ఎక్కి దిగుతూనే ఉన్నారు. మీ శాఖకు రెండు చోట్ల చేతనైన పని మూడోచోట చేతకాదంటే నమ్మడం కష్టం.

2017లో ప్రత్యేక గోర్ఖాలాండ్ రాష్ట్రం కోసం జరిగిన ఆందోళనల్లో ఈ మార్గంలోని సోనాదా, గయాబారి స్టేషన్లకు నిప్పు పెట్టారు. ఎవరు పెట్టినా తప్పే. అయినా ఒక మాట: ఉదయం తన కూతురు ఎక్కాల్సిన రైలు ఆగే స్టేషన్ అయితే, నిప్పు పెట్టేవాడికి అడ్డుపడేవాళ్లు ఆ వీధిలోనే పదిమంది ఉండేవారని నా నమ్మకం.

నేను కోరేది పెద్ద పథకం కాదు, కొత్త పట్టాలూ అక్కర్లేదు. ఉదయం బడి వేళకు కర్సియాంగ్ నుంచి తూంగ్, సోనాదా, ఘూమ్ మీదుగా డార్జిలింగ్‌కు ఒక డీజిల్ రైలు, సాయంత్రం తిరుగు ప్రయాణం. మామూలు ప్యాసింజరు టికెట్టు, విద్యార్థులకు నెల పాసు. వానాకాలంలో పర్యాటకులు లేరని దాన్ని ఆపకూడదు, ఎందుకంటే బడులు ఆగవు. జాయ్‌రైడ్‌లలో డీజిల్ లాగేవాటికి ఒక సాధారణ పెట్టె తగిలించి, అందులో ఘూమ్ దాకా వన్‌వే టికెట్టు ఇస్తే ఖాళీగా పోయే సీట్లు కూడా నిండుతాయి. మాలాంటి వాళ్లు ఆ పెట్టెలో కూర్చోవాలనుకుంటే కూర్చోనివ్వండి. మావారు తొలి కోత తేయాకు టీలో పాలు, చక్కెర అడిగి కొట్టువాడి చేత చూపుతోనే చివాట్లు తిన్నారు. ఏది ఎలా తాగాలో చెప్పే మనుషులు పక్క సీట్లో ఉంటే ఆ ముచ్చట జరిగేది కాదు.

వచ్చే కాలపట్టికలో ఈ రైలు ఉంటుందా, ఉండదా అన్నది మీ కార్యాలయం నుంచి ఒక్క ముక్కలో తెలియజేస్తే చాలు. ఉండదంటే ఎందుకో కూడా రాయండి. అంకెలతో రాస్తే అంకెలతోనే బదులిస్తాను, నేను ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన టీచర్ని.

ఇట్లు,
విశాఖపట్నం నుంచి ఒక ప్రయాణికురాలు