పసుపు దారం గురించి మా ఖాతాదారులకు

గత ఎనిమిది నెలల్లో చెన్నై అంబత్తూరులోని మా దుకాణంలో పద్నాలుగు అంగుళాల వెల్డింగు గ్లౌజులు కొన్నవాళ్ళు దయచేసి వాటిని పక్కన పెట్టండి. బూడిద రంగు తోలు, పసుపు కుట్టు, మణికట్టు దగ్గర మా దుకాణం ముద్ర ఉన్నవి. వాటి కుట్టు నిప్పుకు ఆగదు. వాడినవైనా, చిరిగినవైనా, బిల్లు ఉన్నా లేకపోయినా తెచ్చివ్వండి. డబ్బు కావాలంటే డబ్బు, ఖాతాలో జమ కావాలంటే జమ. తొందరలో ఉన్నవాళ్ళు ఇక్కడితో ఆపేయవచ్చు. మిగతాది ఇరవై రెండేళ్ళుగా నా మాట మీద సరుకు పట్టుకెళుతున్నవాళ్ళ కోసం.

పోయిన నెల ఒక మంగళవారం, షట్టరు సగం ఎత్తి అగరుబత్తి వెలిగిస్తున్నాను. మా పక్క పేట పాడిలో ఫ్యాబ్రికేషన్ షెడ్డు నడిపే పెద్దాయన వచ్చారు. గేట్లు, నీళ్ళ ట్యాంకు స్టాండ్లు చేస్తారు. నేను కొట్టు తెరిచిన మొదటి నెలలోనే ఖాతా పెట్టినవారు. కౌంటరు మీద ఒక గ్లౌజు పెట్టి, “తమ్ముడూ, ఇది నీ ముద్రేనా?” అని అడిగారు. నాదే. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కుట్టు అంగుళంన్నర మేర విడిపోయి ఉంది. తోలుకు ఏమీ కాలేదు. సూది దిగిన రంధ్రాల వరుస చక్కగా కనిపిస్తోంది, వాటిలో దారమే లేదు. విడిపోయిన చోట రెండు కొసల్లోనూ ఆవగింజంత నల్లటి గట్టి ఉండలు.

ఆయన దగ్గర పనిచేసే కుర్రవాడు స్టాండు కింద నిలబడి, తల పైకెత్తి వెల్డింగు చేస్తుంటే స్లాగు ముక్క, అంటే అతుకు మీద నుంచి రాలే కాలే చిట్టెం, ఆ సందులోకి జారిందట. గ్లౌజు విదిలించి తీసేలోపు అరచేతి పక్కన రూపాయి బిళ్ళంత బొబ్బ. ఆస్పత్రిలో కట్టు కట్టించారు, వారం పని లేదు. పెద్దాయన కేకలు వేసి ఉంటే నాకు కొంత తేలికయ్యేది. “నీ సరుకు నువ్వే చూసుకో” అని గ్లౌజు అక్కడే వదిలేసి వెళ్ళిపోయారు. టీ కూడా తాగలేదు.

ఆ నల్లటి ఉండలు చూడగానే నాకు సగం అర్థమైంది. గోదాములోంచి కొత్త జత తీసి, కఫ్, అంటే మణికట్టు పైకి వచ్చే భాగం, అంచున అంగుళం దారం లాగి, ప్లయరుతో పట్టుకుని లైటరు చూపించాను. దారం చటుక్కున ముడుచుకుంది, నల్లటి పొగ వదిలింది, కరిగి కింద పరిచిన పాత పేపరు మీద చుక్కగా పడింది. పాలిస్టరు. రెండో జతా అంతే, మూడోదీ అంతే. ఒక్కటైనా కరగకుండా ఉంటుందేమోనని పన్నెండు జతలు కాల్చి చూశాను. చివరికి అలమర అడుగున మూడేళ్ళ నాటి జత ఒకటి దొరికింది. దాని దారం ఎర్రబడింది, మాడింది, లైటరు తీయగానే ఆరిపోయింది. చుక్క రాలలేదు. కాల్చకముందు రెండు దారాలనూ పక్కపక్కన పెట్టి మా ఆవిడకు చూపిస్తే తేడా చెప్పలేకపోయింది. నేనూ చెప్పలేకపోయాను.

వెల్డింగు గ్లౌజుకు వేయవలసింది అరామిడ్ దారం. మన వాళ్ళంతా కెవ్లార్ అంటారు. 1965లో డ్యూపాంట్ కంపెనీలో స్టెఫనీ క్వోలెక్ అనే రసాయన శాస్త్రవేత్త కనిపెట్టిన పోగు అది. పుట్టుకతోనే పసుపు రంగు. మనకు ఆ పసుపే గుర్తు, ఆ పసుపే ఇప్పుడు కొంప ముంచింది. అరామిడ్ కరగదు, 400 డిగ్రీలు దాటాక ఎక్కడో మాడడం మొదలుపెడుతుంది. పాలిస్టరు 260 డిగ్రీల దగ్గరే నీరవుతుంది. వెల్డింగు దగ్గర ఎగిరిపడే నిప్పుకు 260 ఒక లెక్కే కాదు. తోలు మందంగా ఉంటుంది కాబట్టి పైన మాడి లోపల చేతిని కాపాడుతుంది. కుట్టు కరిగిపోతే ఆ తోలు ఎంత మంచిదైనా విడివిడి ముక్కలే.

మీ దగ్గరున్నది ఏ దారమో మీరే చూసుకోవచ్చు. కఫ్ అంచున కొంచెం దారం లాగి, ప్లయరుతో పట్టుకుని, చేతికి దూరంగా కాల్చండి. ఉండ కట్టినా చుక్క పడినా అది పాలిస్టరు. కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిదగా రాలిపోతే నూలు. అదీ వెల్డింగుకు పనికిరాదు. మాడి, నల్లబడి, తనంతట తానే ఆరిపోతేనే వాడండి.

ఇక సరుకు పంపినవాళ్ళ సంగతి. కోల్‌కతా వైపువాళ్ళు. పేరు రాయను. పద్నాలుగేళ్ళ సంబంధం, వాళ్ళ పెద్దబ్బాయి పెళ్ళికి వెళ్ళి వచ్చినవాణ్ణి. ఫోను చేసి అడిగితే, “మీరు పసుపు దారం అడిగారు, పసుపు దారమే వేశాం” అన్నారు. ఆ మాట నవ్వుతూ అన్నారు, అదే నాకు మింగుడుపడడం లేదు. పాత కొటేషన్లు తీసి చూశాను. అంతకుముందు ఏటి దాంట్లో “అరామిడ్ దారం” అని స్పష్టంగా ఉంది. నిరుటి దాంట్లో అదే వరుసలో, అదే చోట, “పసుపు దారం” అని ఉంది. కింద నా సంతకం. ఆ ఏడే జతకు ఆరు రూపాయలు తగ్గించమని వాళ్ళ ప్రాణం తీశాను. తగ్గించారు. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆ ఆరు రూపాయల గురించి గొప్పగా చెప్పుకున్నది నేనే. ఆ ఆరు రూపాయలు ఎక్కడినుంచి వచ్చాయో అప్పుడు ఆలోచించలేదు.

ధ్రువపత్రం లేదా అని కొందరు అడిగారు. ఉంది. చేతి గ్లౌజులకు ఐరోపా వాళ్ళు పెట్టిన ప్రమాణం ఈఎన్ 388 ఉంది, వెల్డింగు గ్లౌజులకు ప్రత్యేకంగా ఉండే ఈఎన్ 12477 కూడా ఉంది. పత్రం దొంగది కాదు. ప్రయోగశాలకు వెళ్ళిన నమూనా జతకు వచ్చిన పత్రం అది, నా గోదాముకు వచ్చిన పెట్టెలకు కాదు. ఈఎన్ 388 గుర్తు కింద కనిపించే మొదటి నాలుగు అంకెలు ఒరిపిడికి, కోతకు, చిరుగుకు, పోటుకు ఆ గ్లౌజు ఎంత ఆగుతుందో చెబుతాయి. కుట్టుదారం నిప్పుకు కరుగుతుందా అన్నది ఆ అంకెల్లో వెతికినా దొరకదు. నేను ప్రతి పెట్టె విప్పి తోలు మందం గేజితో కొలిచేవాణ్ణి, లైనింగు తిరగేసి చూసేవాణ్ణి, తడి తోలు వాసన వస్తే వెనక్కి పంపేవాణ్ణి. వీధిలో ఇంత చూసే దుకాణం ఇంకోటి లేదని నాకు గర్వం ఉండేది. దారం మాత్రం ఒక్కసారీ లాగి చూడలేదు.

గోదాములో ఇంకా 430 జతలు మిగిలాయి. వాటిని ఏం చేయాలన్న దగ్గరే మూడు రాత్రులు నిద్ర పట్టలేదు. మా బావమరిది లెక్కల మనిషి. “బావా, ఇటుకలు దించడానికి, రాయి మోయడానికి పాలిస్టరు కుట్టు చాలదా? లోడింగు గ్లౌజులని చెప్పి సగం ధరకు ఇచ్చేయి, ఎవరినీ మోసం చేసినట్టు కాదు” అన్నాడు. అతను చెప్పింది నిజమే. ఆ పనికి ఆ కుట్టు బ్రహ్మాండంగా సరిపోతుంది. అందుకే అంత ఆలోచించవలసి వచ్చింది. కానీ షెడ్డుల్లో గ్లౌజులు ఎలా తిరుగుతాయో నాకు తెలుసు. లోడింగువాడు మేకుకు తగిలించి వెళతాడు. మధ్యాహ్నం వెల్డరు ఎడమచేతి గ్లౌజు చిరిగితే మేకు మీద ఉన్నది అందుకుంటాడు. పద్నాలుగు అంగుళాలు, బూడిద రంగు, పసుపు కుట్టు. అతనికి అనుమానం ఎందుకు వస్తుంది? “లోడింగుకు మాత్రమే” అని ముద్ర కొడదామన్నాడు బావమరిది. మసిపట్టిన తోలు మీద ముద్ర ఎన్నాళ్ళు కనిపిస్తుంది?

కఫ్ కత్తిరించి పొట్టివి చేద్దామా అనీ చూశాను. పొట్టి గ్లౌజు వేసుకుని వెల్డింగు చేసేవాళ్ళు మన దగ్గర ఎంతమంది లేరు!

నాలుగో రోజు రేకులు కోసే కత్తెర తెప్పించి కూర్చున్నాను. మామూలు కత్తెరకు ఆ తోలు తెగలేదు. ఒక్కో జతకూ రెండు బొటనవేళ్ళూ తెంపేశాను. ఆదివారం మధ్యాహ్నం నుంచి రాత్రి పదకొండు దాకా పట్టింది, సగం పని మా అబ్బాయి చేశాడు. బావమరిది ఆ పూట రాలేదు. అలిగాడు, ఇంకా అలక తీరలేదు. కాల్చేయమని ఒకరన్నారు. క్రోమియం లవణాలతో పదును చేసిన తోలును కాలిస్తే బూడిదలో విషపు క్రోమియం తయారయ్యే ప్రమాదం ఉంది, అందుకని కాల్చలేదు. వ్యర్థాలు తీసుకెళ్ళేవాళ్ళతో మాట్లాడాను. అంతవరకు తెంపిన బొటనవేళ్ళ గోనెసంచి కౌంటరు వెనకే ఉంటుంది. కావాలంటే వచ్చి చూడండి.

మెల్లగా ఒక్కొక్కరికీ మార్చి ఇస్తే పోయేదానికి ఈ గోల ఎందుకని ఇద్దరు ముగ్గురు తోటి వ్యాపారులు ఫోను చేశారు. నా ముద్ర ఉన్న గ్లౌజు, నా ఇష్టం.

కొత్త సరుకు రాణిపేట వైపు కుట్టిస్తున్నాను. అరామిడ్ దారం రీళ్ళు నేనే కొని ఇస్తున్నాను, అటు నుంచి వచ్చే ప్రతి పెట్టెలో ఒక జత కుట్టు విప్పి కాల్చి చూస్తాను. ఆ నష్టం నాది. ధర జతకు 38 రూపాయలు పెరుగుతుంది. తగ్గించమని అడగకండి, ఈ ఒక్కసారికి నాకు బేరం మీద మనసు లేదు. ఆయుధ పూజకు ముందే సరుకు అందుతుంది. అంతవరకు అత్యవసరమైనవాళ్ళకు మరో దుకాణం చూపిస్తాను, అక్కడా దారం లాగి చూశాకే కొనండి. ఎడమచేతివి విడిగా అమ్మడం ఎప్పటిలాగే ఉంటుంది. లోడింగు గ్లౌజులకు, చుక్కల నూలు గ్లౌజులకు, కరెంటు పనివాళ్ళ రబ్బరు గ్లౌజులకు ఈ గొడవతో సంబంధం లేదు. డ్రిల్లింగ్ మిషన్ మీద పనికని చెప్పి అడిగేవాళ్ళకు ఏ గ్లౌజూ అమ్మను. తిరిగే బిట్టుకు గ్లౌజు చిక్కితే చేతినీ లాక్కుంటుంది. ఆ విషయంలో ఇంతకుముందు తిట్టుకున్నవాళ్ళు ఇకముందూ తిట్టుకోవచ్చు.

పాడి కుర్రవాడి వారం కూలి, ఆస్పత్రి ఖర్చు పంపించాను. కుర్రవాడు తీసుకున్నాడు. పెద్దాయన మాత్రం తన ఖాతాలో జమ వేయనివ్వలేదు, పాత బాకీ పైసలతో సహా కట్టి వెళ్ళారు. ఆయన చేతికి పది సైజు సరిపోతుంది. కొత్త సరుకులో మొదటి పది సైజు జత ఆయన పేరు రాసి పక్కన పెడతాను. అటు వైపు వెళ్ళేవాళ్ళు ఈ మాట చెప్పండి.