మీ మామ్మ లేసు పెట్టె

నరసాపురం
ఆదివారం

అమ్మలూ,

పెద్దకర్మ నాడు నువ్వు ఫోన్లో చూస్తూనే ఉన్నావు కాబట్టి, వచ్చినవాళ్ళంతా మీ మామ్మ గురించి ఏమన్నారో వినే ఉంటావు. పిల్లల కోసమే బతికిన మహాతల్లి అన్నారు. కొవ్వొత్తిలా కరిగిపోయింది అన్నారు. ఆ రెండో మాట దగ్గర నాకు ఒళ్ళు మండింది. కరిగిపోయిన మనిషి తొంభై ఏళ్ళు ఎలా ఉంటుంది? మొన్న వేసవి దాకా సీరియల్లో అత్తగారిని నోరారా తిట్టి, ఆవకాయలో ఉప్పు తగ్గిందని మీ అమ్మకి చెప్పి, సూది పట్టుకుని అరుగు మీద కూర్చున్న మనిషి ఆవిడ. మన చుట్టాలకి తల్లి అంటే త్యాగం తప్ప ఇంకోటి తోచదు. మామ్మ రోజంతా ఏం చేసేదని అడిగావు కదా, అది ఫోన్లో తెమిలేది కాదని రాస్తున్నాను.

మామ్మ పుట్టిన తేదీ ఎక్కడా రాసి లేదు. గాంధీగారు పోయిన ఏడాదే పెళ్ళయిందని, అప్పటికి పదమూడేళ్ళని చెప్పేది. ఆ లెక్కన 1935. చదువు ఐదో తరగతితో సరి. కానీ ఎనిమిదేళ్ళ నాటికే వాళ్ళ అమ్మ పక్కన కూర్చుని క్రోషె సూదితో లేసు గొలుసుకుట్టు అల్లడం నేర్చేసుకుంది. ఈ లేసు పని మన ఊరిది కాదు, 1844 ప్రాంతంలో స్కాట్లాండ్ నుంచి వచ్చిన మెక్రే దంపతులనే మిషనరీలు నేర్పారని చెబుతారు. ఎవరు తెస్తేనేం, గడప దాటని ఇళ్ళలో ఆడవాళ్ళ చేతికి నాలుగు డబ్బులు తెచ్చిన పని అదొక్కటే.

పని ఎలా జరిగేదో నువ్వు చూడలేదు. ఏజెంటు దారం తూచి ఇచ్చేవాడు, అల్లినవి మళ్ళీ తూచి పట్టుకెళ్ళేవాడు. తూకం తగ్గితే కూలిలో కోత. ఒక్కో ఇంట్లో ఒక్కో ముక్కే. పువ్వులు అల్లేది చేతిపని, వాటిని కలిపేది అతుకుపని, కాజాకుట్లు వేసేవాళ్ళు వేరే. పువ్వులు అల్లేవాళ్ళు ఏళ్ళ తరబడి అవే పువ్వులు. అన్నీ కలిస్తే ఏమవుతుందో, ఏ దేశంలో ఎవరి బల్ల మీద పరుస్తారో వాళ్ళకి తెలిసే దారే లేదు. మామ్మకి ఇది నచ్చలేదు. "నేను అల్లింది నేను చూడకపోతే ఎలారా" అనేది.

ఒకసారి మరక పడిందని తీసి పక్కన పారేసిన టేబుల్ క్లాత్ ఒకటి ఏజెంటు దగ్గర ఉంటే, కూలిలో పట్టుకోమని చెప్పి తెచ్చేసుకుంది. తెచ్చి ఏం చేసింది? ఆ మధ్యాహ్నమే వీధి గుమ్మంలో కూర్చుని మొత్తం విప్పేసింది. మా నాన్న మిల్లు నుంచి వచ్చి చూసి లబోదిబోమన్నారు. విప్పితేనే కదా తెలిసేది అని ఊరుకుంది. ఏ పువ్వు తర్వాత ఏ పువ్వు, అతుకు ఎక్కడ పడింది, అంచు ఎటు తిరిగింది అన్నీ చూసుకుంటూ విప్పి, మళ్ళీ అన్నీ కలిపింది. అతుకుపని ఆవిడకి ఎవరూ నేర్పలేదు.

ఆ తర్వాత సొంతంగా మొదలెట్టింది. ధనుర్మాసంలో వాకిట్లో వేసే తామరపువ్వు ముగ్గు ఒకటి ఉండేది, 21 చుక్కలు, సందు చుక్క, 11 వచ్చేదాకా. దాన్ని లేసులోకి దించింది. చుక్క ఉన్నచోట ఖాళీ, గీత ఉన్నచోట గొలుసు. కాగితం మీద గీసుకోలేదు, లెక్క రాసుకోలేదు. నోట్లో ఏదో గొణుక్కుంటూ అల్లేది. అది పాటనుకునేవాణ్ణి, అంకెలని పెద్దయ్యాక తెలిసింది. నాలుగు రేకులు బానే వచ్చాయి, మూల తిరిగేచోట గుడ్డ ముడుచుకుపోయింది. విప్పింది. మళ్ళీ అల్లింది, మళ్ళీ విప్పింది. మూలలో రెండు గొలుసులు ఎక్కువ వేస్తే సాపుగా పరుచుకుంటుందని కనిపెట్టిన రోజు, అన్నం వండటం మానేసి మాకు అటుకులు పెట్టింది.

చుట్టాలు ఇది చెప్పరు చూడు. మేము ఆకలని వస్తే "ఈ వరస అయ్యేదాకా ఆగు" అనేది, నిజంగానే ఆపేది. తెల్ల దారానికి మసి అంటితే సరుకు తిప్పి కొడతారని, వంట తెల్లారకముందే ముగించి, కుంకుడు రసంతో చేతులు కడుక్కుని కూర్చునేది. దారం ఉండ దొర్లిపోకుండా ఇత్తడి చెంబులో వేసుకునేది. ఆ చెంబు జోలికి వెళ్తే వీపు విమానం మోతే. ఎడమ చూపుడువేలు మీద దారం ఒరుసుకుని ఒరుసుకుని సన్నటి గాడి పడింది. నేను చిన్నప్పుడు ఆ గాడిలో నా గోరు పెట్టి అటూ ఇటూ లాగుతుంటే ఏమీ అనేది కాదు.

ఆ తామర నమూనా చూసి ఏజెంటు ఎగిరి గంతేసి పట్టుకుపోయాడు. తర్వాత ఊరంతా అవే తామరలు అల్లారు. మామ్మకి మాత్రం మామూలు కూలే, పైన ఒక్క పైసా లేదు. నేను డిగ్రీలో ఉండగా ఈ అన్యాయం మీద గట్టిగా అరిచాను. ఆవిడ మాత్రం "నా తామర జర్మనీ వెళ్ళిందిరా" అని చుట్టుపక్కల నలుగురికీ చెప్పుకుని తిరిగింది. నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

ఆ జర్మనీ నుంచే మారియా మీస్ అనే సామాజిక శాస్త్రవేత్త 1970ల చివర్లో మన ఊరు వచ్చి, లేసు అల్లే ఆడవాళ్ళ మీద పుస్తకం రాసింది. 1982లో లండన్‌లో అచ్చయింది. రోజంతా ఎగుమతి సరుకు తయారు చేసే ఆడవాళ్ళని అందరూ ఇల్లాళ్ళుగానే చూస్తారని, పనివాళ్ళుగా ఎవరూ లెక్కించరని, లాభం మాత్రం వ్యాపారులదని ఆవిడ తేల్చింది. మొన్న మరణ నమోదుకి వెళ్తే అక్కడి కుర్రాడు వృత్తి అన్నచోట గృహిణి అని రాయబోయాడు. లేసు పని అని రాయమన్నాను. "అది పనేంటండీ" అన్నాడు. నా డిగ్రీ ఫీజు, భీమవరంలో హాస్టల్ మెస్ బిల్లు, చిన్నత్త పెళ్ళికి కొన్న గొలుసు ఆ పనివేనని చెప్పాను. వెనక క్యూ పెరుగుతోందని రాసేశాడు.

మీ తాతయ్య పోయాక ఇల్లు గడిచింది ఆ సూది మీదే, అది నీకు తెలిసిన కథే. తెలియనిది 1986 ఆగస్టు సంగతి. భద్రాచలం దగ్గర గోదావరి 75 అడుగులు దాటిన ఏడు. మా మేనత్త వాళ్ళ లంక మునిగిపోతే ఇంటిల్లిపాదీ మన రెండు గదుల్లోకి వచ్చి పడ్డారు. మామ్మ ముందు లేసు పెట్టె అటకెక్కించి, తర్వాత బియ్యం చూసుకుంది. ముసురు పట్టి బయటికెళ్ళే దారి లేక అందరూ ఏడుపు మొహాలేసుకుంటే, ఆడపిల్లలందరికీ తలో సూదీ ఇచ్చి కూర్చోబెట్టింది. నీళ్ళు తీసి వాళ్ళు తిరిగి వెళ్ళడానికి పంటు పడవ ఎక్కేనాటికి ఇద్దరికి పని పట్టుబడింది. అందులో ఒకమ్మాయి ఇప్పటికీ సీతారామపురం లేసు పార్కులో పని చేస్తోంది. కర్మకి వచ్చింది, నీలం చీర, నువ్వు చూసే ఉంటావు.

2024లో మన లేసుకి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చిందని పేపర్లో పడితే చదివి వినిపించాను. జీఐ అంటే ఏంటో, మన ఊరి పేరు వేరే ఊరివాళ్ళు వాడుకోకూడదని ఎలా కాపాడతారో అంతా చెప్పాను. ఓపిగ్గా విని, "అయితే కూలి పెంచుతారా?" అంది. నా దగ్గర జవాబు లేక పేపరు మడిచేశాను.

ఆపరేషన్ చేయించినా ఆఖరి రెండేళ్ళు చూపు ఆనేది కాదు. వేళ్ళతో తడిమి గొలుసులు లెక్కపెట్టుకునేది. తప్పు పడితే వేలికి తెలిసిపోయేది, వెంటనే విప్పేసేది. మీ అమ్మ "ఇప్పుడెవరు చూస్తారత్తయ్యా, వదిలెయ్యండి" అంటే వినేది కాదు.

సరే, అసలు సంగతి. పెట్టెలో సొంతానికి అల్లుకున్న తామర దుప్పటి ఉంది, డబుల్ కాట్‌కి సరిపోయేది. నలుగురం కాబట్టి నాలుగు ముక్కలు చేసి పంచుకుందామని చిన్నత్త. అద్దాల ఫ్రేము కట్టించి హాల్లో పెడదామని పెదనాన్న. ముక్కలు అల్లీ అల్లీ విసిగిపోయి మొత్తంగా చూసుకోవాలని చేసుకున్నదాన్ని మళ్ళీ ముక్కలు చేస్తామా అని నా గోల. ఫ్రేము కూడా నాకు ఇష్టం లేదు, దుప్పటి పరుచుకోవడానికి. ఏడాదికి ఒకరింట్లో ఉంచుకుందామని చెప్పి చూస్తున్నాను, పెద్దత్త ఇంకా ఎటూ తేల్చలేదు. మనవలందరినీ కూడా అడుగుతున్నారు. నీ మాట ఏంటో ఈ వారంలో చెప్పు. చిన్నత్త ఫోన్ చేస్తే మాత్రం నాన్న నాకేం రాయలేదనే అను.

నీకు రెండు కాలర్లు, ఒక కుర్తీ అంచు పంపుతున్నాను. మెషిన్లో వెయ్యకు. చల్లనీళ్ళలో జాడించి, పిండకుండా తువ్వాలు మీద పరిచి ఆరబెట్టు. అంచు నిడివి చాలకపోతే కత్తిరించిన గుడ్డ కొలత పంపు, నీలం చీర అమ్మాయి కలుపుతానంది.

మీ నాన్న