కరెంటు బిల్లు ఎలా చూడాలో తెలుగులోనూ చెప్పండి

సంపాదకులకు,

ఎండలు ముదిరితే ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వీధుల్లో కరెంటు బిల్లు మాటే. మీటరు పరుగెడుతోంది, మార్చమని అర్జీ పెట్టేవాళ్లు చాలామంది. ఇంట్లో ఏది ఎంత లాగుతోందో తెలియకుండా మీటరు మార్చినా బిల్లు తగ్గదు. ఇక్కడి తెలుగు ఇళ్లలో చాలామంది పెద్దవాళ్లకు ఒడియా గాని, ఇంగ్లీషు గాని చదవడం రాదు. బిల్లు కాగితం మీద చివరి అంకె ఒక్కటే వాళ్లకు అర్థమవుతుంది.

నిజానికి ముందు చూడవలసింది రూపాయలను కాదు, రెండు రీడింగుల మధ్య ఎన్ని రోజులున్నాయో. ఆ రోజులతో యూనిట్లను భాగిస్తే రోజువారీ వాడకం తేలుతుంది. రీడింగు 38 రోజులకు తీస్తే బిల్లు పెరిగినట్టే కనిపిస్తుంది, వాడకం మాత్రం పెరిగి ఉండకపోవచ్చు. ఆంధ్రప్రదేశ్ వైపున్న పాతపట్నంలోని బంధువుల బిల్లుతో పోల్చుకోవడం కూడా దండగ. అక్కడి శ్లాబులు, అంటే యూనిట్టు రేటు మారే మెట్లు, 30, 75, 125, 225, 400 యూనిట్ల దగ్గర మారితే, ఒడిశాలో 50, 200, 400 దగ్గర మారతాయి. 200 దాటితే మొత్తం బిల్లుకు పెద్ద రేటు పడుతుందన్న భయమూ వద్దు, దాటిన యూనిట్లకే ఆ రేటు. అందుకే తగ్గించిన ప్రతి యూనిట్టూ ఖరీదైన శ్లాబులోంచే తగ్గుతుంది.

మీటరు మీద మినుకుమినుకుమనే చిన్న ఎర్ర దీపం ఉంటుంది. దాని పక్కన యూనిట్టుకు 3200 మినుకులని రాసి ఉందనుకోండి. ఇంట్లో అన్నీ ఆపి, ఫ్రిజ్ ప్లగ్గు కూడా తీసి, ఒక్క ఫ్యాను వేసి నిమిషానికి ఎన్ని మినుకులో లెక్కపెట్టండి. ఒక్కో మినుకు దాదాపు 19 వాట్లకు సమానం. నాలుగు మినుకులంటే 75 వాట్లు, అంటే మామూలు పాత ఫ్యాను. మీ మీటరు మీద వేరే అంకె ఉంటే 60,000ను దాంతో భాగించండి, ఒక్కో మినుకుకు ఎన్ని వాట్లో వస్తుంది.

మెయిన్ స్విచ్ వేసే ఉంచి, మిగతావన్నీ ఆపాక కూడా దీపం మినుకుతుంటే అసలు సమస్య అక్కడే. వాటాలుగా అద్దెకిచ్చే ఇళ్లలో దీనికి ఎక్కువగా కారణం న్యూట్రల్ (కరెంటును వెనక్కి తీసుకెళ్లే తీగ) కలిసిపోవడం. తీగ మిగుల్చుకోవడానికి రెండు వాటాల న్యూట్రల్‌నూ ఒకేచోట ముడేస్తారు. అప్పుడు ఒక వాటా ఫేజ్‌లో (ఇంట్లోకి కరెంటు తెచ్చే తీగలో) వెళ్లిన కరెంటులో కొంత పక్క మీటరు న్యూట్రల్ గుండా తిరిగి వస్తుంది. ఇప్పటి ఎలక్ట్రానిక్ మీటర్లు, చౌర్యాన్ని పట్టుకోవడం కోసం, ఫేజ్‌లోనూ న్యూట్రల్‌లోనూ కొలిచి ఏది ఎక్కువైతే దాన్నే లెక్కిస్తాయి. దాంతో ఒకరు వాడిన కరెంటు రెండు మీటర్ల మీదా పడుతుంది. కనిపెట్టడం తేలిక: మీ వాటాలో అన్నీ ఆపి, పక్కవాళ్లను ఇస్త్రీపెట్టె వేయమనండి. మీ మీటరు మినుకులు పెరిగితే తేలిపోయినట్టే. ఇన్వర్టరు పెట్టించినప్పుడు, మెట్ల దగ్గర ఉమ్మడి బల్బు వేసినప్పుడు కూడా ఇదే తప్పు జరుగుతుంది. ఆ ముడిని విప్పి న్యూట్రల్‌లను విడదీయడం లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ పని. మీటరు సీలు మాత్రం ఎవరూ ముట్టకూడదు.

ఇక వాడకం సంగతి. రోజుకు 15 గంటలు తిరిగే 75 వాట్ల ఫ్యాను నెలకు 34 యూనిట్లు తింటుంది. తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం, 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యానుకు 14 చాలు. ఇల్లంతా ఒకేసారి మార్చక్కర్లేదు, రాత్రంతా తిరిగే పడకగది ఫ్యానుతో మొదలుపెడితే మేలు. అయితే దానికి గోడమీది రెగ్యులేటరు పనికిరాదు, తీసేసి నేరుగా కనెక్షన్ ఇవ్వాలి. లేకపోతే లోపలి సర్క్యూటు పాడై, కొత్త ఫ్యాన్లు మంచివి కావన్న పేరొస్తుంది. పాత ఫ్యాను నెమ్మదిస్తే ముందు కండెన్సరు మార్చి చూడండి, దాని మీద ఉన్న విలువదే వేయాలి. పెద్దది వేస్తే కాయిల్ వేడెక్కుతుంది.

ఒక హెచ్‌పీ నీళ్ల మోటారు గంటకు సుమారు ఒక యూనిట్ లాగుతుంది. ఇరవై నిమిషాల్లో నిండే ట్యాంకు ముప్పై అయిదు నిమిషాలు పడుతోందంటే బావిలోని పైపు అడుగున ఉండే ఫుట్ వాల్వు కారడమో, పైపు జాయింటులో గాలి పీల్చడమో, బావిలో నీళ్లు దిగడమో జరిగి ఉంటుంది. ఫ్రిజ్ తలుపు సందులో కాగితం పెట్టి మూసి లాగండి. జారి వచ్చేస్తే రబ్బరు మార్చాలి. గోడకు జానెడు దూరం ఉంచి, ఐసు అర సెంటీమీటరు పేరుకోకముందే కరిగించాలి.

సోలార్ పలకల సబ్సిడీ గురించి అడిగేవాళ్లూ పెరిగారు. రోజుకు నాలుగు యూనిట్లిచ్చే ఒక కిలోవాట్ సరిపోతుందా, రెండు కావాలా అన్నది ఈ లెక్కలు తెలిశాకే తేలుతుంది.

విద్యుత్ పంపిణీ సంస్థకు మా విన్నపం ఇది. గజపతి, రాయగడ, గంజాం జిల్లాల్లో తెలుగువాళ్లున్న వార్డులకు వేసవికి ముందే బిల్లుతోపాటు తెలుగులో ఒక పేజీ ఇవ్వండి. గడచిన పన్నెండు నెలల రోజువారీ సగటు యూనిట్లు బిల్లు మీదే అచ్చువేయండి. బిల్లు ఎక్కువని ఫిర్యాదు వచ్చిన ఇంటికి వెళ్లే సిబ్బంది మీటరుతో సరిపెట్టకుండా, న్యూట్రల్ కలిసిందేమో కూడా చూసి రాతపూర్వకంగా చెప్పాలి.

— ఇళ్ల వైరింగు, మీటర్ల పని తెలిసిన పాఠకులు, పర్లాకిమిడి